నెలనెలా నాలుగు మాటలు: దోర్నకల్ గుడి



మొన్న కొత్తగూడెంలో ఒక పెండ్లికి పోయి తిరిగివస్తూ, దోర్నకల్ జంక్షనులో బండి మారవలసి మూడుగంటలు ఆగిపోయాము. ఊరకే కూర్చోనేల అని, మా అబ్బాయిని వెంటబెట్టుకొని అక్కడి పెద్ద చర్చిని చూచివచ్చాము.

దూరంనుంచి చూస్తే మసీదు గుమ్మటాలు, దగ్గరకు పోతే కోవెల మండపంలోని స్తంభాలు జ్ఞాపకం వస్తాయి. ఈ దేశపు గుడి ఈ దేశపు గుడిలాగే వుండాలని అజరయ్యగారు అట్లా కట్టించారు. పని పూర్తికావడానికి ఏండ్లు పట్టి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది.

అజరయ్యగారు తెలుగువారు కారు. 1874లో తిరునెల్వేలి జిల్లాలోని ఒక పల్లెలో పుట్టిన తమిళులు. 1909లో దోర్నకల్ వచ్చేనాటికి ముప్పయినాలుగైదేండ్ల వయసు. ఆ వయసులో తెలుగు నేర్చుకొని తెలుగులోనే బోధించారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు.

ఆయన చుట్టూ చేరినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు, కూలినాలి చేసుకొనేవారు. చర్చిలో చేరినంతమాత్రాన వారిలో వారికి పొత్తు కుదిరిందా? లేదు. వారందరినీ ఒకే బల్ల దగ్గరకు చేర్చడం రాతిగోడ లేపడంకంటె కష్టమైన పని. ఆ పనిలోనే ఆయన ఆయుష్షు గడచింది. 1945 జనవరి 1న కన్నుమూశారు. సమాధి దోర్నకల్‌లోనే వున్నది.

ఇక మా సంగతి. గుడి ముందర తెలుగులో ఒక బోర్డు వున్నది. మా అబ్బాయి దానివంక చూచి, "ఏమని రాశారు నాన్నా?" అని అడిగాడు. చదివి చెప్పాము గాని, సిగ్గుతో తల వంగిపోయింది. కోయంబత్తూరులో పుట్టి పెరిగినవాడు. అజరయ్యగారి తల్లిభాష వాడికి తేటగా వచ్చును. ఆయన కష్టపడి నేర్చుకొన్న భాష, మా ఇంటిభాష, వాడికి చదవరాదు. తప్పు వాడిది కాదు, మాది.

ఇల్లు చేరిన మరునాడే పెద్దబాలశిక్ష బయటకు తీశాము. రోజుకు పదిపంక్తులు, రాత్రి భోజనాలయ్యాక. వాడు అప్పుడప్పుడు సణుగుతున్నాడు, మేము వదలడం లేదు. మీ ఇండ్లలో ఈ సంగతి ఎట్లా వున్నదో ఒక కార్డుముక్క రాయండి.