పాలు, చక్కెర లేని కాఫీ: రువాండా నుండి అరకు దాకా

కాఫీని గురించి ఆయుర్వేదం ఏమి చెప్పినదని అడిగేవారు అనేకులు. చరక, సుశ్రుత సంహితలలో కాఫీ ప్రస్తావనే లేదు. ఆ గింజను బాబా బుడన్ 17వ శతాబ్దంలో యెమెన్ నుండి చిక్కమగళూరు కొండలకు తెచ్చెనని ప్రతీతి. కనుక లేని శాస్త్రవచనాన్ని వెతకడం కంటె, అది మన ఇంట ఏ రూపంలో గొంతు దిగుతున్నదో చూడడం మేలు.

మన ఇళ్లలో కాఫీ అనగా చికోరీ కలిపిన పొడి, చిక్కని పాలు, రెండు చెంచాల చక్కెర. రోజుకు మూడు గ్లాసులైతే ఆరు చెంచాలు. మధుమేహం ఇంటింటా కనిపిస్తున్న కాలంలో ఇది స్వల్పవిషయం కాదు. చక్కెర మానండి అంటే, "ఆ చేదు ఎవరు తాగుతారండీ!" అంటారు. నిజమే, మాడేటట్లు వేయించిన గింజలో చేదు తప్ప మరేమి మిగులుతుంది? అందుకే అంతగా పేరు వినని దేశాల కాఫీని ఒకసారి ఇంట రుచి చూడమంటాను. విదేశాలలోని పిల్లలు వచ్చేటప్పుడు చాక్లెట్లకు బదులు వంద గ్రాముల రువాండా గింజలు తెమ్మనండి, చాలును.

రువాండాలో ఎత్తైన కొండలపై చిన్న రైతులు బూర్బన్ రకం అరాబికాను పండిస్తారు. 1994 నాటి నరమేధం తరువాత ఆ దేశం నిలదొక్కుకొనుటకు ఆధారమైన పంటలలో ఇది ఒకటి. లేతగా వేయించిన గింజలో నారింజను తలపించే పులుపు, దాని వెనుక సన్నని తీపి ఉంటాయి. పాలు పోస్తే రెండూ మాయమవుతాయి. ఎప్పుడైనా పచ్చి బంగాళాదుంప వాసన వస్తే అది తోటలో పుట్టిన దోషమే గాని హానికరం కాదు. ఆ గ్లాసు పారబోసి మరొకటి కలుపుకోండి.

యెమెన్‌లో ఎండిన కాఫీకాయల పొట్టును అల్లంతో మరిగించి 'ఖిషర్' అని తాగుతారు. మన శొంఠి కాఫీకి దూరపు చుట్టమన్నమాట! టిమోర్ దీవిలో అరాబికా, రోబస్టాలు తమంత తామే కలిసి పుట్టిన మొక్క మన కావేరి, చంద్రగిరి రకాల వంశంలో ఉన్నది.

మన అరకు ఉండగా ఇవన్నీ ఎందుకని కొందరు ఆక్షేపించవచ్చు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ అరకు కాఫీని పాలు లేకుండా రుచి చూచినవారు మనలో ఎందరు? నా మట్టుకు నేను రువాండా గింజ తాగిన పిమ్మటనే అరకు రుచి ఎరిగితిని.

15 గ్రాముల పొడికి పావు లీటరు నీరు ఇద్దరికి సరిపోతుంది. నీరు మరిగిన అర నిమిషానికి పోసి, వడకాగితంతో వడకట్టండి. కొలెస్టరాల్‌ను పెంచే నూనెపదార్థాలు కాగితంలో నిలిచిపోతాయి.

ఆమ్లపిత్తం, అనిద్ర ఉన్నవారికి ఈ ప్రయోగం వద్దు. రక్తహీనత గల స్త్రీలు భోజనంతో పాటు కాఫీ తాగరాదు, అది ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనీయదు. గర్భిణులకు రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ హద్దు. పై కొలతలో ఇద్దరి వాటా ఒక్కరే తాగితే ఆ హద్దుకు దగ్గర పడినట్లే.