పగడపు దిబ్బలు చూడబోయే ముందు

శ్రీకాకుళం జిల్లా నుండి ఒక సహోదరి మాకు ఉత్తరం వ్రాశారు. వారి పెద్దబ్బాయి అండమాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడట. "మే 28న పిల్లలతో బయలుదేరుతున్నాము. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టి సముద్రంలో పగడాలు చూపిస్తారట గదా! మాలో ఎవరికీ ఈత రాదు. దిగవచ్చునా?" అని వారి ప్రశ్న.

మేమూ ఒకసారి ఆ పొరబాటే చేశాము. జూన్ మొదటి వారంలో వెళ్లాము. మన ఊళ్లో ఎండలు మండుతుండగానే, మే మూడో వారానికి ఋతుపవనాలు అండమాన్‌ను తాకుతాయి. నాలుగు రోజులు వానలో గదిలోనే కూర్చున్నాము. ఐదో రోజు ఒక పడవవాడు సరేనన్నాడు. రేవులో ఒక ముసలాయన వద్దన్నా వినలేదు. నీళ్లు మజ్జిగలా ఉన్నాయి, పగడం ఒక్కటీ కనబడలేదు. మా చిన్నవాడు ఉప్పునీళ్లు మింగి, ఊపిరాడక, పడవలో వాలిపోయాడు. ఒడ్డుకు చేరేవరకు వాడి తల్లి నోట మాట లేదు.

జనవరి నుండి ఏప్రిల్ వరకు అక్కడ సముద్రం నిమ్మళంగా ఉంటుంది, నీళ్లు తేటగా ఉంటాయి. మనకు సంక్రాంతి సెలవులు అనువు. నవంబరు, డిసెంబరుల్లో తుపాను భయముంది. 2016 డిసెంబరులో హావ్‌లాక్, నీల్ దీవుల్లో వందలాది యాత్రికులు చిక్కుకుపోయారు. (ఈ దీవులకు 2018లో స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు.)

పిల్లలున్నవారికి మేము చెప్పేది వండూర్. పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే 2024 నుండి శ్రీ విజయపురానికి, సుమారు 30 కిలోమీటర్లు. అక్కడి సముద్ర జాతీయ వనం 1983లో ఏర్పడింది. వానాకాలంలో రెడ్ స్కిన్ దీవికి, మిగతా నెలల్లో జాలీ బాయ్‌కు తీసుకువెళ్తారు. ఒక దీవి తెరిచినప్పుడు రెండోదానికి విశ్రాంతి. మన పొలాన్ని బీడు పెట్టినట్లే! ప్లాస్టిక్ సంచులు తేనివ్వరు. అడుగున అద్దం బిగించిన పడవలున్నాయి. పెద్దవారు తడవకుండానే చూడవచ్చు. ఈత రానివారు లైఫ్ జాకెట్ తొడుక్కొని, చూపించే మనిషి చేయి వదలకుండా ఉండాలి.

ఉదయం పూట, పోటు మీద దిగండి. పాటు వేళ దిబ్బ మీద మోకాలి లోతు నీళ్లే ఉంటాయి. కాళ్లు గీరుకుపోతాయి, పగడమూ విరుగుతుంది. అమావాస్య, పౌర్ణములకు నీరు మరీ వెనక్కు తీస్తుందని తీరప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. పగడం రాయి కాదు, సన్నని ప్రాణుల గుంపు. 2010 వేసవిలో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు చాలావరకు తెల్లబడ్డాయి. విరిగిన ముక్కైనా ఇంటికి తేకూడదు, చట్టం ఒప్పదు.

మడ అడవి దగ్గర మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉంటే అక్కడ దిగనే వద్దు. 2010లో హావ్‌లాక్‌లో ఒక యాత్రికురాలు మొసలి బారిన పడి ప్రాణం పోగొట్టుకుంది.

సహోదరీ, టిక్కెట్లు మార్చుకొనే వీలుంటే మార్చుకోండి. లేకపోతే వెళ్లి అబ్బాయిని చూచి రండి. నీళ్లలో దిగడం మాత్రం సంక్రాంతికి పెట్టుకోండి.