టబ్బుల లెక్క కలానికి చెల్లదు

“బాయిల దిగేటోనికి మూడ్ ఉంటదా? మస్టర్ పడ్డదంటే పని చెయ్యాల్సిందే. రాసేటోనికేంది స్పెషల్? రోజుకు వెయ్యి పదాలు రాయనోడు రచయితనే కాదు.” బొగ్గుగనుల ఊరు శ్రీరాంపూర్‌లో టీకొట్ల దగ్గర సాహిత్యం ప్రస్తావనొస్తే వినపడే తీర్పు ఇది. ఇందులో సగం నిజం. మిగతా సగం బొగ్గు పని తెలిసిన ఊరు అనాల్సిన మాట కాదు.

మూడ్ కోసం కాచుక్కూచునేవాళ్లను నేనూ వెనకేసుకురాను. ఇంగ్లండ్‌లో ఆంథొనీ ట్రోలప్ తపాలా శాఖ కొలువు చేస్తూనే, తెల్లవారి 5.30కు బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 పదాలు రాసేవాడు. మన కొవ్వలి లక్ష్మీనరసింహరావు వెయ్యికి పైగా నవలలు రాశారు. ఆ కష్టం తక్కువది కాదు.

కానీ అంకెతోనే తూచితే గురజాడ ఎక్కడ తేలతారు? 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ను తిరగరాసి, పెంచి, 1909లో మళ్లీ తెచ్చారు. మధ్యలో పన్నెండేళ్లు. ఇవాళ మనం చదివేది ఆ రెండోదే. చాసో జీవితమంతా రాసిన కథలు ఒక్క సంపుటంలో ఇమిడిపోతాయి. ఈయన రచయిత కారని అనగలరా?

అసలు బొగ్గు బాయినే అడుగుదాం. బొగ్గు పొరను అందుకోవడానికి రాతిలో దారి తొలిచే రోజుల్లో ఒక్క టబ్బు బొగ్గు పైకి రాదు. అయినా మస్టర్, అంటే హాజరు, పడుతుంది. గని సర్దార్ కర్రతో పైకప్పును తట్టి చెవి పెడతాడు. ఖంగున మోగితే సరే. బోలుగా పలికితే పని ఆపించి ముందు సపోర్టు పెట్టిస్తాడు. ఆ సమయం దండగని ఏ కార్మికుడూ అనడు. రాసిన వాక్యాన్ని పైకి చదువుకుని, బోలుగా వినపడితే కొట్టేయడమూ అలాంటి పనే. తేడా దాచను: అక్కడ పొరపాటుకు ప్రాణం పోతుంది, ఇక్కడ కాగితం పోతుంది. కాబట్టి రచయిత గనికార్మికుడితో సమానమని గొప్పలు పోనక్కర్లేదు. పోల్చింది మీరే గనుక పోలికను సగంలో వదలకండి అంటున్నానంతే.

బొగ్గునైనా ఒట్టి టన్నుల లెక్కన అమ్మరు. జీ1 నుంచి జీ17 దాకా గ్రేడు చూసి ధర కడతారు. రాయి కలిస్తే గ్రేడు పడిపోతుంది.

రోజూ మస్టర్ పడాలంటారా, ఒప్పుకుంటాను. ఎన్ని టబ్బులని మాత్రం అడక్కండి. నిన్నటి నాలుగు పేజీల్లో మూడు ఇవాళ కొట్టేసినవాడూ నిండు షిఫ్టు చేసినట్టే.