స్టీరింగ్ తేలికైతే చాలదు

విశాఖపట్నం దగ్గరి కొత్తవలసలో మొదలై, అరకు కొండల మీదుగా సాగే రైలుమార్గం చివరి స్టేషన్ కిరండూల్. పక్కనే బైలాడిలా కొండలు. ఎద్దు మూపురంలా కనిపిస్తాయి కాబట్టి వాటికి ఆ పేరు. 1968 నుంచి అక్కడ ఎన్‌ఎండీసీ ఇనుప ఖనిజం తవ్వుతోంది. అంత బరువు మోసే డంపర్ల స్టీరింగ్ తిప్పడానికి డ్రైవర్ పెట్టే బలం కొంచెమే. పాత చిన్న ట్రాక్టర్‌తో తోట దున్నేవారికి మాత్రం చెట్ల మధ్య ప్రతి మలుపూ భుజాల మీద భారమే.

ఈ తేడా తెచ్చింది హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్. అమెరికా ఇంజినీర్ ఫ్రాన్సిస్ డేవిస్ 1926లో దీన్ని కారుకు అమర్చి చూపించాడు. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో అది అమ్మకపు కార్లలోకి వచ్చింది. గనుల యంత్రాలతో పనిచేసే కిరండూల్ లాంటి ఊళ్లలో హైడ్రాలిక్స్ తెలిసిన చేతులకు కొదవ ఉండదు. పాత ట్రాక్టర్‌కూ ఒక పంపు, ఒక సిలిండర్ బిగిద్దామన్న ఆలోచన అక్కడ రావడం సహజం. అది మంచి ఆలోచనే. నడుము, భుజాలు అరిగిపోకుండా పని చేసుకోవడం విలాసం కాదు. అయితే, 'చక్రం తేలికగా తిరుగుతోంది కదా, పని అయిపోయింది' అనుకోవడంతోనే నాకు పేచీ.

ముందు లెక్క చూద్దాం. లోపలి వ్యాసం 40 మిల్లీమీటర్లున్న సిలిండర్‌లోకి 100 బార్ పీడనంతో ఆయిల్ వెళ్తే, అది దాదాపు 1,250 కిలోల బలంతో నెడుతుంది. పాత ట్రాక్టర్ టై రాడ్లు, బాల్ జాయింట్లు మనిషి చేతి బలాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. చక్రం రాయికి అడ్డుపడితే మనిషి ఆగిపోతాడు, సిలిండర్ ఆగదు. ఏదో ఒకటి వంగుతుంది, లేదా విరుగుతుంది. అందుకే పీడనాన్ని హద్దులో ఉంచే రిలీఫ్ వాల్వ్ తప్పనిసరి.

పంపు సంగతీ అంతే. ట్రాక్టర్ నిలబడి ఉన్నప్పుడే చక్రం తిప్పడం అన్నిటికన్నా కష్టం. అప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి పంపు ఇచ్చే ఆయిలూ తక్కువే. ఒక్కో చుట్టుకు 100 మిల్లీలీటర్లు తీసుకునే స్టీరింగ్ యూనిట్‌ను సెకనుకు ఒక చుట్టు తిప్పాలంటే నిమిషానికి 6 లీటర్లు కావాలి. ఇంజిన్ పూర్తి వేగంలో కాదు, ఐడిల్‌లో ఉన్నప్పుడు పంపు ఆ మాత్రం ఇవ్వగలదా అన్నది చూసుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న వేరే ఉంది. ఆయిల్ ఆగిపోతే ఏమిటి? పాత స్టీరింగ్ బాక్స్ తీసేసి పూర్తిగా హైడ్రాలిక్ యూనిట్ పెడితే, చేతిలోని చక్రానికీ ముందు టైర్లకూ మధ్య ఇనుప బంధం ఉండదు. ఆయిలే బంధం. ఇంజిన్ ఆగితే, తగిన వాల్వ్ ఉన్న యూనిట్ చేతిపంపులా పనిచేస్తుంది, కానీ చాలా బరువుగా తిరుగుతుంది. గొట్టం పగిలితే అదీ ఉండదు. ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు ఇలా జరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

గని డంపర్ల తయారీదారులు ఈ ప్రశ్నను ముందే వేసుకున్నారు. పెద్ద డంపర్లలో ఇంజిన్ ఆగినా కాసేపు వాహనాన్ని తిప్పగలిగేలా, నైట్రోజన్ వాయువు ఒత్తిడితో ఆయిల్‌ను నిల్వ ఉంచే అక్యుములేటర్లు ఉంటాయి. గని నుంచి మనం నేర్చుకోవాల్సింది పంపు బిగించడం ఒక్కటే కాదు, ఈ ముందుచూపు కూడా. చిన్న ట్రాక్టర్‌కు అంత ఏర్పాటు కుదరకపోతే, పాత స్టీరింగ్ బాక్స్‌ను ఉంచి దానికి సిలిండర్‌ను తోడు పెట్టే పద్ధతే మేలు. ఆయిల్ పోయినా, కష్టపడైనా బండిని తిప్పుకోవచ్చు.

అసలు పంపు కొనేముందు టైర్లలో గాలి, కింగ్‌పిన్‌లకు గ్రీజు, జాయింట్ల అరుగుదల చూడాలి. సగం బరువు అక్కడే దిగిపోవచ్చు. అరిగిన జాయింట్ మీద పవర్ స్టీరింగ్ పెడితే లోపం పోదు, చేతికి తెలియకుండా పోతుంది.

ఇవన్నీ ప్రతి మెకానిక్ సొంతంగా తంటాలు పడి తెలుసుకోవాల్సిన పని లేదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అలాంటి సంస్థలు పాత ట్రాక్టర్ల స్టీరింగ్ మార్పుపై నాలుగు పేజీల తెలుగు మార్గదర్శిని ఇవ్వాలి. ఏ సిలిండర్‌కు ఎంత పీడనం, ఏ పంపు సరిపోతుంది, పని పూర్తయ్యాక ఏ పరీక్ష చేయాలి అన్నవి అందులో ఉంటే చాలు. ఆ పరీక్షల్లో మొదటిది మాత్రం ఇదే కావాలి: సమతలంలో, ఖాళీ స్థలంలో ఇంజిన్ ఆపి, చక్రం తిప్పి చూడండి.