మొవ్వు ఈగ పేదవాడి చేనునే ఎందుకు పట్టుకుంటుంది?

మృగశిర కార్తెలో మంచి వాన పడిందనుకోండి. సొంత అరక ఉన్న ఆసామి మర్నాడే గొర్రు కడతాడు. ట్రాక్టరు ఉన్నవాడైతే చెప్పనే అక్కర్లేదు. రెండెకరాలు కౌలుకు తీసుకున్న కూలిరైతు మాత్రం కాచుకుని ఉండాలి. బాడుగకు అరక దొరకాలి, విత్తనానికి అప్పు పుట్టాలి, అంతకుముందు ఆసామి చేలో పని ముగించి రావాలి. ఇవన్నీ తీరేసరికి రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాలు గడిచిపోతాయి. అప్పుడు విత్తిన జొన్న మొలిచి నాలుగాకులు వేసేసరికి ఈగలు దండుగా వచ్చి పడతాయి. నడిమి మొవ్వు ఎండిపోతుంది. పట్టి లాగితే చేతికి ఊడి వస్తుంది, మొదట్లో కుళ్ళు వాసన కొడుతుంది. "నా రాత ఇంతే" అనుకుంటాడు ఆ రైతు.

రాతకూ దీనికీ సంబంధం లేదు. మొవ్వు ఈగ ఇంటి ఈగ జాతిదే, కాకపోతే చిన్నది. మొలక వచ్చిన వారం మొదలు నాలుగు వారాల వరకే జొన్న మొక్క దానికి పనికివస్తుంది. ఆకు అడుగున తెల్లటి గుడ్డు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్డు పగులుతుంది. పిల్లపురుగు తెల్లవారుజామున ఆకు మీది తడి ఆసరాతో జారుకుంటూ మొవ్వులోకి దిగి, ఎదిగే మొనను కోసేస్తుంది. గుడ్డు నుంచి మళ్ళీ ఈగ కావడానికి మూడు వారాలు చాలు. తొలకరిలో ఈగలు తక్కువ. ముందు విత్తినవాడి పైరు మీద ఒక తరం పెరిగి, ఆ తరం వెనక విత్తినవాడి పైరు మీదికి వస్తుంది. ఆసామి చేనులో పుట్టిన ఈగ కౌలుదారు చేనులో మేస్తుందన్నమాట!

వానలు మొదలైన వారం పది రోజుల్లోనే విత్తండి, ఊరంతా ఒకేసారి విత్తండి అని వ్యవసాయ శాఖ చెబుతుంది. సలహా మంచిదే, దానికి పేరు పెట్టనక్కర్లేదు. కాని అరక లేనివాడు ఆ సలహాను ఏం చేసుకోను? మందు కొట్టు అంటారు. మందుకు డబ్బు కావాలి. ఇక మిగిలిన దారి ఒక్కటే: ఈగను ఆపే గుణం విత్తనంలోనే ఉండాలి. ఆ గుణానికి ఏటేటా డబ్బు కట్టే పని లేదు. ఆలస్యంగా విత్తినవాడికి కూడా అది ఎంతో కొంత కాపుదలగా నిలబడుతుంది. తెగులునూ పురుగునూ తట్టుకునే జొన్న వంగడం అనేది శాస్త్రవేత్తల మధ్య తేల్చుకునే విషయం మాత్రమే కాదు, బీద రైతుకూ కూలికీ సంబంధించిన విషయం అని నేనంటున్నది ఇందుకే.

అలాంటి గుణం అసలు ఉందా? ఉంది. మన పెద్దల జొన్నల్లోనే ఉంది. షోలాపూర్ ప్రాంతపు మాల్దండి జొన్న నుంచి 1930లలో మహారాష్ట్రలోని మోహోల్ పరిశోధనా కేంద్రంలో ఏరి తీసిన ఎం.35-1 అనే రకాన్ని రబీ రైతులు దశాబ్దాల పాటు వదలలేదు. మంచి రొట్టె, మంచి చొప్ప ఒక కారణమైతే, మొవ్వు ఈగకు కొంత ఓర్చుకోవడం ఇంకో కారణం. ఈగకు లొంగని రకాల లేత మొక్కలను ఎండలో చూడండి. ఆకులు సన్నగా, నిటారుగా, నూనె రాసినట్లు నిగనిగలాడుతుంటాయి. ఆకు అడుగున కంటికి ఆనని సన్నని నూగు ఉంటుంది. ఈగకు అక్కడ గుడ్డు పెట్టడం నచ్చదు. పెట్టినా మొవ్వులో తడి తక్కువ కాబట్టి పిల్లపురుగు దిగడం కష్టమవుతుంది. మొవ్వు చచ్చినా కొన్ని రకాలు గట్టి పిలకలు వేసి కోలుకుంటాయి. ఈ గుణాలను ఏ ప్రయోగశాలా పుట్టించలేదు. ఏటా కళ్ళంలో మంచి కంకులు ఏరి, బూడిద కలిపి, గాదెలో దాచిన చేతులు వీటిని కాపాడాయి. ఆ చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవి.

మరి మధ్యలో ఏం జరిగింది? 1964లో మన దేశంలో మొదటి సంకర జొన్న సి.ఎస్.హెచ్-1 విడుదలైంది. తల్లి అమెరికా నుంచి వచ్చిన కాఫిర్ రకం. పొట్టి పైరు, నూరు రోజుల పంట, నాటు జొన్న కన్న చాలా ఎక్కువ దిగుబడి. దాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. ఆకలి కాలంలో గింజలు ఎక్కువ కావాలనుకోవడం తప్పెలా అవుతుంది? డాక్టర్ ఎన్.జి.పి. రావు వంటి శాస్త్రజ్ఞులు ఆ పనికి జీవితాలు ధారపోశారు. కాని ఆ విత్తనంతో పాటు రెండు కష్టాలు కూడా వచ్చాయి. ఒకటి, ఆ లేత ఆకులంటే ఈగకు మహా ఇష్టం. రెండు, నాటు పునాస జొన్న పగటి పొద్దు తగ్గాక గాని పూతకు రాదు. వానలు వెనక్కి తగ్గాక గింజ గట్టిపడుతుంది. నూరు రోజుల జొన్నకు ఆ ఓపిక లేదు. సెప్టెంబరు ముసురులోనే గింజ పాలుపోసుకుంటుంది. కంకి తడిసి బూజు పడుతుంది. తెల్లటి గింజ నల్లగానో, గులాబీ రంగుగానో మారిపోతుంది.

మొదటి కష్టానికి జవాబుగా విత్తనంతో పాటే మందు వచ్చింది. విత్తేటప్పుడు సాళ్ళలో కార్బోఫ్యూరాన్ గుళికలు వేయమన్నారు. కాండం తొలిచే పురుగుకు నెల పైరు మీద ఒక్కో మొక్క మొవ్వులో చిటికెడు గుళికలు వేయమన్నారు. కంకి నల్లికీ మిడ్జి ఈగకూ బి.హెచ్.సి. పొడి చల్లమన్నారు. ఈ మొవ్వులో చిటికెడు వేసే పని ఎవరిది? యంత్రానిదీ కాదు, ఆసామిదీ కాదు. పాలమూరు వైపు ఒక కూలి అక్క నాతో చెప్పిన మాట ఇది: "చేతికి గుడ్డ సుట్టుకుంటె గుళికలు ఎక్కువ జారుతయని పటేలు కోపం జేసిండు. ఉత్త చేతులతోనే ఏసినం. పొద్దుమీకి అన్నం ముందట కూసుంటె తల తిరిగి కక్కుకున్న." కార్బోఫ్యూరాన్ నరాల మీద పనిచేసే విషం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అధిక ప్రమాదకరమైన మందుల వరుసలో పెట్టింది. బి.హెచ్.సి.ని మన దేశంలో 1997లో నిషేధించారు. కార్బోఫ్యూరాన్ మీద 2023లో ఆంక్షలు బిగించి, మూడు శాతం గుళికల రూపం మాత్రం మిగిల్చారు. అంటే అంతకుముందు దశాబ్దాల తరబడి విత్తనంలో లేని కాపుదలకు కూలివాళ్ళ ఒళ్ళు ఖర్చు పెట్టారన్నమాట. ఎకరాకు ఇన్ని క్వింటాళ్ళు అని వేసిన లెక్కల్లో ఈ ఖర్చు ఎక్కడా కనపడదు.

రెండో కష్టం ఇంకా లోతైనది. బూజు జొన్నకు అంగట్లో ధర లేదు. మంచి గింజ పట్నానికి పోతుంది. నల్లబడింది కోళ్ళ దాణాకో, సారా బట్టీకో, కాకపోతే కూలి కింద కొలిచి ఇవ్వడానికో పనికివస్తుంది. 1995లో పంట కోతల వేళ అకాల వర్షాలు పడ్డప్పుడు దక్కన్ పీఠభూమి గ్రామాల్లో తడిసిన జొన్న, మొక్కజొన్న తిన్నవాళ్ళు కడుపునొప్పి, విరేచనాలతో మంచం పట్టారు. ఆ గింజల్లో ఫ్యుమోనిసిన్ అనే బూజు విషం ఉన్నట్లు హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు తేల్చారు. జబ్బు పడినవారు ఎవరనుకున్నారు? అందరికన్న పేదవాళ్ళు. వేరే గింజ కొనుక్కోగలిగినవాడు నల్ల జొన్న తినడు కదా.

జొన్న సాగు తగ్గడానికి తెగుళ్ళే కారణమని అనను. 1960ల చివర దేశంలో సుమారు 1 కోటి 80 లక్షల హెక్టార్లలో ఉన్న జొన్న ఇటీవలి సంవత్సరాల్లో 40 లక్షల హెక్టార్ల దరిదాపుకు దిగింది. పత్తి, సోయా, మొక్కజొన్న ఆ నేలను ఆక్రమించాయి. మన రాష్ట్రంలో 1983 తర్వాత రెండు రూపాయల కిలో బియ్యం పేదవాడి పళ్ళెం మార్చింది. అది మేలే, దాన్ని కాదనేవాడికి ఆకలి తెలియదు. అయితే పునాస జొన్నకు నల్ల గింజ అనే చెడ్డపేరు రాకుండా ఉంటే ఇంత త్వరగా చేతులెత్తేసేవాళ్ళం కాదని మాత్రం నా నమ్మకం.

శాస్త్రజ్ఞులు చేతులు ముడుచుకు కూర్చోలేదు. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ లో ఈగ పరీక్ష ఎలా చేస్తారో వింటే మీకు నవ్వొస్తుంది. ఈగకు తేలిగ్గా లొంగే జొన్నను మూడు వారాలు ముందుగా సాళ్ళు వేసి, అక్కడ ఎండు చేపల పొడి చల్లుతారు. ఆ కంపుకు ఈగలు మూగుతాయి, పెరుగుతాయి. అప్పుడు పక్కన వందల రకాలు విత్తి ఏది నిలబడుతుందో లెక్కిస్తారు. గమనించారా? ఆలస్యంగా విత్తిన కౌలుదారు చేను పరిస్థితినే అక్కడ కావాలని కల్పిస్తున్నారు! ఇథియోపియా నుంచి వచ్చిన ఐ.ఎస్.18551 వంటి రకాలు ఆ పరీక్షలో గట్టిగా నిలబడ్డాయి. మిడ్జి ఈగ విషయంలో ఇంకా స్పష్టమైన ఫలితం వచ్చింది. ధార్వాడ ప్రాంతపు డి.జె.6514 అనే రకం ఆ ఈగకు లొంగదు గాని దిగుబడి తక్కువ. దాన్ని మంచి రకాలతో కలిపి తీసిన ఐ.సి.ఎస్.వి.745 ను కర్ణాటకలో రైతులకు విడుదల చేశారు. పొడి మందు చల్లకుండా విత్తనంతోనే ఈగను ఆపవచ్చని దీనితో రుజువైంది.

మొవ్వు ఈగ దగ్గర పని కష్టం. నిగనిగలాడే ఆకు, అడుగున నూగు అనేవి దాగి ఉండే గుణాలు. తల్లిలోనో తండ్రిలోనో ఒక్కరిలో ఉంటే సంకర పైరులో బయటపడవు, ఇద్దరిలోనూ ఉండాలి. పైగా సంకర విత్తనం తయారీకి వాడే మగతనం లేని తల్లి వరసలు, వాటి జంట వరసల కన్న ఈగకు ఎక్కువ లొంగుతున్నాయని కూడా తేలింది. బూజు సంగతీ అంతే. ఎర్ర గింజలో వగరు ఉండి బూజును ఆపుతుంది. కాని ఆ వగరు రొట్టెను చెడగొడుతుంది. తెల్లగా ఉండి, వగరు లేకుండా, గట్టి గింజతో విడివిడి కంకి వేసే రకం కావాలంటే ఏళ్ళు పడుతుంది. ఇన్నేళ్ళు ఓపిక పట్టి ఎవరు చేస్తారు?

మందులమ్మే కంపెనీకి ఈగ చావాలి గాని ఈగ రాకుండా పోకూడదు. విత్తనాల కంపెనీకి ఏటా కొనే రైతు కావాలి. 1988 విత్తన విధానం తర్వాత సంకర జొన్న విత్తనంలో ప్రైవేటు కంపెనీల వాటా పెరుగుతూ వచ్చింది. 2000 నుంచి ఇక్రిశాట్ కూడా కంపెనీల దగ్గర చందా తీసుకుని సంకర విత్తనాల తల్లిదండ్రుల వరసలు ఇచ్చే ఏర్పాటు పెట్టుకుంది. గుంటూరు వైపు వరి కోసిన మళ్ళల్లో దున్నకుండా వేసే జొన్నను చూడండి. నీరు, ఎరువు, కంపెనీ విత్తనం, బ్రహ్మాండమైన దిగుబడి. గింజ చాలావరకు దాణాకు పోతుంది. అక్కడ లాభం ఉంది కాబట్టి అక్కడికి విత్తనం వస్తుంది. మెట్ట నేలలో పచ్చజొన్న వేసుకుని గటక తాగేవాడి కోసం ఏ కంపెనీ పదేళ్ళు ఈగలు పెంచుతూ కూర్చోదు. ఆ పని చేయవలసింది రాజేంద్రనగర్ లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ, నంద్యాల, పాలెం వంటి ప్రభుత్వ పరిశోధనా స్థానాలు. అక్కడ ఖాళీ పోస్టులు నింపమని, డబ్బు ఇవ్వమని అడగడం కూడా కూలి రేటు అడగడం లాంటిదే.

2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపారు. పెద్ద హోటళ్ళలో జొన్న వంటకాలు వడ్డించారు. అదే ఏడాది కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సంకర జొన్నకు క్వింటాలుకు 3,180 రూపాయలు, మాల్దండికి 3,225 రూపాయలు. రైతులు తరతరాలుగా కాపాడిన గుణానికి ప్రభుత్వం కట్టిన విలువ క్వింటాలుకు 45 రూపాయలు!

ఇక మనం చేయగలిగింది చూద్దాం. 2001 చట్టం ప్రకారం రైతు తన విత్తనం దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, కంపెనీ పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. ఈ హక్కు సంగతి చాలా ఊళ్ళలో తెలియదు, సంఘం సభల్లో చెప్పాలి. ఇంటి గాదెల్లో మిగిలిన పచ్చజొన్న, మాల్దండి రకాల పేర్లు, అవి దాచిన అక్కల పేర్లు ఒక పుస్తకంలో రాసి పెట్టాలి. కొత్త రకం పరీక్ష పెట్టేటప్పుడు పరిశోధనా స్థానంలో, పెద్ద రైతు చేలో మాత్రమే పెట్టి ఊరుకోవద్దని అడగాలి. కౌలుదారు చేలో, అతడికి అరక దొరికిన రోజునే విత్తి చూడమనాలి. మార్కులు వేసేటప్పుడు గింజ బరువుతో పాటు మొవ్వు ఎన్ని ఎండాయో, చొప్పను ఎద్దు తిన్నదో లేదో, రొట్టె విరగకుండా వచ్చిందో లేదో కూడా రాయాలి. రొట్టె సంగతి రొట్టె చేసేవాళ్ళనే అడిగి రాయాలి.

ఊరంతా ఒకే వారంలో విత్తే మాట కూడా వదలొద్దు. కొత్త విత్తనం రావడానికి ఏళ్ళు పట్టవచ్చు, ఇది మాత్రం వచ్చే మృగశిరకే చేయవచ్చు. అరకలున్నవాళ్ళు, ట్రాక్టర్లున్నవాళ్ళు తమ విత్తు ముగిసేదాకా ఆగకుండా, లేనివాళ్ళ ఎకరాలు కూడా వరసలో కలుపుకుని పోవాలని గ్రామసభలో ముందే తీర్మానం చేయించండి. బాడుగ ఎంతో అక్కడే తేల్చండి. ఒకరిద్దరు ఆసాములు గొణుగుతారు. వాళ్ళ చేలో పెరిగిన ఈగ వెనక విత్తిన తమ సొంత మడికి కూడా వస్తుందని చెప్పండి, వింటారు.