ఏ చట్టం ప్రకారం అని అడగనిద్దాం

పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం నుంచి ప్రజాస్వామ్య పాఠాలు తీసేశారన్న గొడవ 2023 నుంచి రేగుతూనే ఉంది. వైవిధ్యం, ప్రజా ఉద్యమాలు, ప్రజాస్వామ్యానికి సవాళ్లు అనే మూడు పాఠాలూ పోయాయి. నేపాల్‌లో 2006లో జనం రాజు మెడలు వంచిన కథ, బొలీవియాలో నీళ్ల కోసం జరిగిన పోరు వాటితోపాటే పోయాయి. ఇది తప్పే. అయితే ‘కుట్ర’ అని ఒకరు, ‘భారం తగ్గించాం’ అని మరొకరు వాదించుకోవడంతోనే టీవీ చర్చలు ముగుస్తున్నాయి. బడిలో పిల్లలకు రాజ్యాంగం ఏ రక్షణ ఇచ్చిందన్నది ఎవరికీ పట్టడం లేదు. సుప్రీంకోర్టు దానికి 1986 ఆగస్టులోనే జవాబిచ్చింది.

అది బిజో ఇమాన్యుయెల్ కేసు. కేరళలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు తోబుట్టువులు జనగణమన వినిపించినప్పుడు అందరితోపాటు లేచి నిలబడేవారు. పాడటానికి మాత్రం తమ విశ్వాసం ఒప్పుకోదని నోరు విప్పేవారు కాదు. శాసనసభలో ప్రశ్న రావడంతో విచారణ వేశారు. పిల్లలు బుద్ధిగా ఉన్నారని, గీతాన్ని అగౌరవపరచలేదని నివేదిక వచ్చింది. అయినా 1985 జులైలో పై అధికారి ఆదేశంతో ప్రధానోపాధ్యాయురాలు వాళ్లను బడి మాన్పించారు. హైకోర్టులోనూ వాళ్లకు ఊరట దక్కలేదు.

సుప్రీంకోర్టులో తీర్పు రాసింది మన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. జాతీయ గౌరవానికి అవమానాలను నిరోధించే 1971 చట్టం ప్రకారం గీతాలాపనను అడ్డుకోవడం నేరం, మౌనంగా నిలబడటం కాదు. ప్రాథమిక విధులు చెప్పే 51ఎ అధికరణ గీతాన్ని గౌరవించమంది, పాడి తీరాలనలేదు. అన్నిటికంటే ముఖ్యమైన మాట మరొకటుంది. 19(1)(ఎ) ఇచ్చే భావప్రకటన హక్కుకు హద్దు పెట్టాలంటే చట్టం కావాలి, విద్యాశాఖ సర్క్యులర్ చట్టం కాదు. పిల్లలను తిరిగి చేర్చుకోవాలని కోర్టు ఆదేశించింది.

25వ అధికరణ కూడా అందులో ఉంది కాబట్టి అది మత స్వేచ్ఛకే పరిమితమైన తీర్పని కొందరంటారు. నేనొప్పుకోను. సర్క్యులర్ మీద కోర్టు చెప్పింది విశ్వాసం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ వర్తిస్తుంది. నిరంకుశ పాలన ఎక్కడైనా మొదట అలవాటు చేసేది చట్టం ఊసు లేని ఆదేశానికి తలొగ్గడమే. పదిహేనేళ్ల పిల్లవాడు వినయంగానే ‘ఇది ఏ చట్టంలో ఉంది సార్’ అని అడిగితే దాన్ని పొగరుగా చూసే బడి ఎన్నిసార్లు రాజ్యాంగ ప్రవేశిక చదివించినా ఒరిగేదేమీ ఉండదు.

ప్రాథమిక విధులు ఎమర్జెన్సీ రోజుల్లో 42వ సవరణతో వచ్చాయి. వాటిని వల్లె వేయించే చోటే ఈ తీర్పునూ చెప్పాలి. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ ఎంపీసీ, బైపీసీల్లో చేరినవాళ్లు పౌరశాస్త్రం మొహం మళ్లీ చూడరు. ఆ వెంటనే ఓటు హక్కు వచ్చేస్తుంది. కాబట్టి తీసేసిన పాఠాలను తిరిగి చేర్చడంతో ఊరుకోకుండా, పదో తరగతిలోనే ఈ కేసును పూర్వాపరాలతో సహా పాఠంగా పెట్టాలి.