ఏథెన్స్‌కి ఒక్క పూట చాలట!

యూరప్‌లో ఆన్‌సైట్ ఉన్న మనవాళ్ళ మూడు రోజుల గ్రీసు ప్లాన్ ఎవరిది చూసినా ఒకటే ఎక్సెల్ షీటు. శనివారం పొద్దున అక్రోపోలిస్, మధ్యాహ్నం పిరేయస్ రేవులో ఓడెక్కి శాంటోరిని. ఏంటండీ ఇదంటే, "ఏథెన్స్‌లో ఏముంది, నాలుగు విరిగిన స్తంభాలేగా!" అంటారు. వేగంగా పోయే ఓడకైనా అయిదు గంటలు, మామూలుదైతే ఏడెనిమిది. రానూపోనూ లెక్కేసుకోండి. ఎస్టిమేట్‌లో బఫర్ పెట్టలేదని మేనేజర్ని తిట్టుకునేవాళ్ళే సొంత సెలవుకి ఇలాంటి ప్లాన్ వేస్తారు!

నేననేది ఒకటే. మూడు రోజులే ఉంటే ఏథెన్స్ దాటొద్దు.

అక్రోపోలిస్ టికెట్ ముందే కొనండి. 2023 సెప్టెంబరు నుంచి రోజుకి 20,000 మందినే, అదీ గంటల వారీ స్లాట్లలో రానిస్తున్నారు. 2025 ఏప్రిల్‌లో టికెట్ 30 యూరోలైంది. పొద్దున్నే మొదటి స్లాట్ తీసుకోండి. ఎండ ముదిరితే మధ్యాహ్నం మూసేస్తారు, 2023లోనూ 2025లోనూ అదే జరిగింది.

ఇక టైము లేదని అందరూ షీటులోంచి కొట్టేసే లైను, కొండ కిందున్న అక్రోపోలిస్ మ్యూజియం. 2009లో తెరిచారు. పై అంతస్తులో పార్థెనాన్ శిల్పాలని గుడికి ఉన్న వరసలోనే పెట్టారు. కొన్ని తేనెరంగు రాళ్ళు, పక్కనే తెల్లటి ప్లాస్టర్ నకళ్ళు. ఆ నకళ్ళ అసళ్ళలో చాలావాటిని ఎల్గిన్ మనుషులు 1801 నుంచి ఊడబెరికి పట్టుకెళ్ళారు. 1816లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. "మీ దగ్గర పెట్టుకునే చోటేదీ?" అన్నవాళ్ళకి గ్రీకులు భవనమే కట్టి చూపించారు, ఇంకా అడుగుతూనే ఉన్నారు.

అదే బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం పలకలున్నాయి. 1859లో మద్రాసు నుంచి లండన్‌కి ఓడెక్కించారు. మనం ఎంతమందిమి అడిగాం? కనీసం ఎంతమందికి తెలుసు?

ఇంకో పూట నేషనల్ ఆర్కియలాజికల్ మ్యూజియానికివ్వండి. ఓ మునిగిన ఓడలో దొరికిన ఆంటికిథెరా యంత్రం అక్కడే ఉంది. రెండువేల ఏళ్ళ క్రితమే కంచు పళ్ళచక్రాలతో గ్రహణాలు లెక్కగట్టింది. మన వృత్తికి ముత్తాతని చూడకుండా నీలం గుమ్మటాల ముందు సెల్ఫీ దిగొస్తామంటే ఏమనాలి?

శాంటోరిని ఎక్కడికీ పోదు, ఇంకో సెలవుకి వెళ్ళొచ్చు. ఈసారికి ఆ షీటులో ఓడ లైను తీసేసి, మ్యూజియం పక్కన మూడు గంటలని రాయండి.